కొవ్వొత్తి, తలుపు: ‘టామ్ సాయర్’లో స్నేహం, భయం



మాస్టారి పేరిట జరిగే ఈ ఉపన్యాసంలో ఒక పిల్లల నవల గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు వెంటనే సరేనన్నారు. వారికి నా కృతజ్ఞతలు. మాస్టారు జీవితమంతా పిల్లల చేత పుస్తకాలు చదివించారు. పిల్లల పుస్తకమే కదా అని తేలిగ్గా తీసుకోవద్దని, పెద్దల పుస్తకానికి పెట్టే మనసే దానికీ పెట్టాలని పదే పదే చెప్పేవారు. ఆ మాట మీద గౌరవంతోనే ఈరోజు మార్క్ ట్వేన్ ‘టామ్ సాయర్’ను ఎంచుకున్నాను.

ఈ నవల 1876లో వెలువడింది. నండూరి రామమోహనరావు గారు తెలుగు చేయడంతో మన ఇళ్లలోకీ వచ్చింది. టామ్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది కంచెకు సున్నం వేసే ఘట్టం. పట్టపగలు, నవ్వుల మధ్య జరిగే ఘట్టం అది. కాని ఈ నవలకు చీకటి భాగం ఒకటి ఉంది. సమాధుల దొడ్డి, జైలు, పాడుబడ్డ ఇల్లు, కొండ గుహ అందులో వస్తాయి. పదేళ్ల పిల్లలకు రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వని భాగం అది. నేను మాట్లాడదలచుకున్నది దాని గురించే.

నా మాట సారాంశం ముందే చెప్పేస్తాను. ఈ నవలలో ఎవరూ ధైర్యం తెచ్చుకుని భయాన్ని జయించరు. భయాన్ని స్నేహితుడితో పంచుకుంటారు. పంచుకుంటే కాస్త తేలికవుతుంది. కాని ఆ పంపకం ఇద్దరి మధ్యనే ఆగిపోతే అదే సంకెల అవుతుంది. ఆ ఇద్దరిలో ఒకరు మూడో మనిషి కోసం నోరు విప్పినప్పుడే సంకెల తెగుతుంది. ట్వేన్ ఈ సంగతి ఎక్కడా నీతివాక్యంగా చెప్పలేదు. ఒక చెక్కముక్క, ఒక కొవ్వొత్తి, కొన్ని తలుపులు, వీటి చేత చెప్పించాడు.

ప్రతీకల గురించి ఒక్క మాట. పరీక్షలో ‘గుహ దేనికి ప్రతీక?’ అని అడుగుతాం. ‘భయానికి’ అని రాస్తే మార్కు వేస్తాం. అక్కడితో గుహ అయిపోతుంది. కథ చదివే పిల్లవాడికి గుహ అలా అయిపోదు. వాడికి ముందు గుహ గుహే. అందులో చలేస్తుంది, ఆకలేస్తుంది, దారి తప్పుతుంది. ఒక వస్తువు కథలో తన పని తాను నిజాయితీగా చేస్తూ పోతే, దానికి అర్థం దానంతట అదే పడుతుంది. అందుకే ఈ నవలలో ఏ వస్తువు ఎవరి చేతిలో ఏం చేసిందో చూద్దాం.

భయం వచ్చిన చోటు

మార్క్ ట్వేన్ అసలు పేరు శామ్యూల్ క్లెమెన్స్. 1835లో మిస్సోరీ రాష్ట్రంలో పుట్టాడు. నాలుగేళ్ల వయసులో, 1839లో, కుటుంబం మిస్సిసిపీ నది ఒడ్డున ఉన్న హానిబల్ అనే ఊరికి మారింది. నవలలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ ఆ ఊరే. ఊరికి దక్షిణాన ఉన్న గుహే నవలలోని గుహ. టామ్ సాహసాల్లో ఎక్కువ భాగం నిజంగా జరిగినవేనని రచయిత ముందుమాటలో చెప్పుకున్నాడు. సాహసాల మాట అటుంచితే, ఆయన భయాలు మాత్రం నిజమైనవేనని ఆయన ఇతర పుస్తకాలు చెబుతున్నాయి.

1869లో వచ్చిన యాత్రా గ్రంథం ‘ది ఇన్నోసెంట్స్ అబ్రాడ్’లో ఒక బాల్య సంఘటన ఉంది. బడి ఎగ్గొట్టిన రోజున ఇంటికి వెళ్లలేక శామ్ తండ్రి ఆఫీసులో పడుకున్నాడు. తండ్రి ఊళ్లో న్యాయాధికారి. చీకటిలో నేల మీద ఏదో ఆకారం ఉన్నట్టనిపించింది. వెన్నెల కిటికీలోంచి జానెడు జానెడు జరుగుతూ వచ్చింది. ముందు ఒక చెయ్యి, తర్వాత కత్తిపోటు పడ్డ ఛాతీ కనిపించాయి. ఆ మధ్యాహ్నం ఊళ్లో కత్తిపోటుకు గురైన మనిషిని అక్కడికి తెచ్చారు, అక్కడే చనిపోయాడు.

ఇంకో సంఘటన 1883 నాటి ‘లైఫ్ ఆన్ ది మిస్సిసిపీ’లో ఉంది. ఊళ్లో తిరిగే ఒక తాగుబోతు బాటసారి పైపు కాల్చుకోవడానికి నిప్పు అడిగితే శామ్ జాలిపడి అగ్గిపుల్లలు ఇచ్చాడు. ఆ మనిషిని తర్వాత జైల్లో పెట్టారు. ఆ రాత్రి జైలు అంటుకుంది. ఊరంతా చూస్తుండగా ఆ మనిషి కటకటాలు పట్టుకుని కాలిపోయాడు. అగ్గిపుల్లలు ఇచ్చిన సంగతి ఎవరికీ చెప్పుకోలేక, నిద్రలో ఎక్కడ వాగేస్తానోనని పిల్లవాడు ఎన్నో రాత్రులు వణికిపోయాడు.

ఇప్పుడు నవల తెరవండి. నిద్రలో మాట జారకుండా పంటినొప్పి వంకతో దవడకు గుడ్డ కట్టుకుని పడుకునే టామ్ కనిపిస్తాడు. జైలు కిటికీలోంచి ఖైదీకి పొగాకు, అగ్గిపుల్లలు అందించే టామ్, అతని స్నేహితుడు హక్ కనిపిస్తారు. జీవితంలో ఒక ప్రాణం తీసిన అగ్గిపుల్లలే నవలలో ఒక మనిషికి ఓదార్పు అయ్యాయి. శామ్ చేసిన మంచిపని చెడ్డగా ముగిసింది. నలభై ఏళ్లకు దగ్గరపడిన రచయిత అదే మంచిపనిని తన పిల్లల చేత మళ్లీ చేయించి, ఈసారి ఆ ఖైదీని బతికించుకున్నాడు. ఈ నవల నాకు ఎంతో ఇష్టం కావడానికి అదొక కారణం.

చెక్క మీద నెత్తురు

కథ తెలిసినదే. పులిపిర్లు పోవాలంటే చచ్చిన పిల్లిని అర్ధరాత్రి సమాధుల దొడ్డికి తీసుకెళ్లాలని హక్ నమ్మకం. టామ్, హక్ అక్కడికి వెళ్లి ఎల్మ్ చెట్ల వెనక నక్కుతారు. లాంతరుతో ముగ్గురు వస్తారు. డాక్టర్ రాబిన్సన్, మఫ్ పాటర్ అనే తాగుబోతు, ఇంజున్ జో. డాక్టరుకు కోతకు శవం కావాలి. ఆ రోజుల్లో వైద్యవిద్యకు చట్టప్రకారం శవాలు దొరకడం కష్టం. సమాధులు తవ్వించడం కథకుడి కల్పన కాదు, ఆ దేశంలో జరిగిన సంగతే. కూలి దగ్గర గొడవ వచ్చి, పాటర్ దెబ్బతిని పడిపోగానే, పాటర్ కత్తితోనే జో డాక్టర్ని పొడిచేస్తాడు. తెలివి వచ్చిన పాటర్‌ని, పొడిచింది నువ్వేనని నమ్మిస్తాడు.

చూసిన పిల్లలు పరుగు లంకించుకుని ఊరి చివర పాడుబడ్డ తోళ్ల షెడ్డులో దూరతారు. అక్కడ టామ్ కప్పుకు వాడే పైన్ చెక్కపలక మీద ఒట్టు రాస్తాడు, ఈ సంగతి చెబితే అక్కడికక్కడే పడి చచ్చిపోతామని. సూదితో బొటనవేళ్లు గుచ్చుకుని నెత్తుటితో సంతకాలు పెడతారు. హక్‌కు రాయడం రాదు. తన పేరు, ఇంటిపేరుల మొదటి అక్షరాలు రెండూ ఎలా వెయ్యాలో టామ్ నేర్పిస్తాడు. తర్వాత ఆ చెక్కను గోడ పక్కన పాతిపెడతారు.

ఈ చోట కాస్త ఆగుదాం. రాత్రి పూట, నెత్తుటితో, ఒక పిల్లవాడు ఇంకో పిల్లవాడికి అక్షరాలు దిద్దిస్తున్నాడు. బడికి పోని హక్ నేర్చిన ఆ రెండక్షరాలు నోరు మూసుకుంటానని సంతకం పెట్టడానికే పనికొచ్చాయి. స్నేహం అక్కడ గట్టిపడింది, నిజమే. ఇద్దరూ ఒకే రహస్యానికి కట్టుబడ్డారు. కాని ఆ కట్టు ఎలాంటిది? బయట ఒక నిరపరాధి ఉరికంబం వైపు నడుస్తుంటే, లోపల ఇద్దరు పిల్లలు పాతిపెట్టిన చెక్కను కాపలా కాస్తున్నారు. చెక్కతో పాటు నిజాన్నీ పాతిపెట్టారు. భయం వల్ల పుట్టిన స్నేహానికి ఉన్న ప్రమాదం ఇదే. అది ఇద్దర్ని దగ్గర చేస్తుంది, మిగతా లోకానికి దూరం చేస్తుంది. తరగతి గదుల్లో, హాస్టళ్లలో పిల్లల మధ్య ఇలాంటి ఒట్లు ఎన్ని ఉంటాయో ఇక్కడున్న ఉపాధ్యాయులకు నేను చెప్పనక్కర్లేదు. తప్పు చేసినవాడి పేరు బయటపెట్టని స్నేహాన్ని మనమే ఎన్నోసార్లు మెచ్చుకుంటాం. దెబ్బ తిన్నవాడి సంగతి అడగం.

కటకటాల అవతలి చెయ్యి

ఈ సంకెల తెగడానికి కారణం ఉపదేశం కాదు, ఒక చేతి స్పర్శ. విచారణకు ముందు పిల్లలు జైలు కిటికీ దగ్గరకు వెళతారు. పాటర్ వాళ్లకు కృతజ్ఞతలు చెబుతాడు. ఊళ్లో కుర్రాళ్లందరి గాలిపటాలూ తాను బాగుచేశానని, చేపలు దొరికే చోట్లు చూపించానని, అందరూ తనను మరిచిపోయినా మీరు మరవలేదని అంటాడు. ఒకరి వీపు మీద ఒకరు ఎక్కి చేతులు అందించమని అడుగుతాడు. తన చెయ్యి కటకటాల్లో పట్టదు, వాళ్లవి చిన్న చేతులు కనుక పడతాయి. ఆ చిన్న చేతులే తనకు ఎంతో సాయం చేశాయంటాడు, ఇంకా చెయ్యగలిగితే చేస్తాయని నమ్ముతాడు.

చెయ్యగలవని ఆ పిల్లలకు తెలుసు. పాటర్‌కు తెలియదు. అందుకే అతని ప్రతి మంచి మాటా వాళ్లకు ముల్లులా దిగుతుంది. విచారణ జరుగుతుండగా ఒక రాత్రి టామ్ ఒంటరిగా పాటర్ వకీలు ఇంటికి వెళతాడు. మర్నాడు కోర్టులో సాక్ష్యం చెబుతాడు. జో కిటికీలోంచి దూకి పారిపోతాడు. పాటర్ బతుకుతాడు.

సామాన్య రచయిత ఇక్కడ జయజయధ్వానాలతో ముగించేవాడు. ట్వేన్ చూపించిన తర్వాతి పరిణామాలు రెండూ చాలా విలువైనవి. ఒకటి, నిజం చెప్పాక టామ్ భయం పోలేదు, పెరిగింది. పగలు పొగడ్తలు, రాత్రి కలల్లో జో. రెండు, హక్‌కు మనుషుల మీద నమ్మకం దాదాపు పోయింది. అంత భయంకరమైన ఒట్టు పెట్టుకున్న స్నేహితుడే నోరు విప్పాడు మరి. మంచిపని చేయడానికి టామ్ స్నేహం ముందు మాట తప్పాల్సి వచ్చింది. ఆ బాధను రచయిత దాచలేదు. ఒకరికిచ్చిన మాటకూ ఇంకొకరి ప్రాణానికీ మధ్య ఎంచుకోవాల్సి వస్తే ఏం చెయ్యాలన్న ప్రశ్నను పిల్లల ముందు ఉన్నదున్నట్టు పెట్టాడు.

కొవ్వొత్తి

ఇక గుహలోకి వెళదాం. హానిబల్ గుహ సున్నపురాయిలో ఏర్పడింది. రాతి బీటల వెంట నీరు కరిగించుకుంటూ పోయిన సందులు ఒకదాన్నొకటి కోస్తూ వలలా అల్లుకున్నాయి. ప్రతి మలుపూ అంతకుముందు మలుపులాగే ఉంటుంది. అలాంటి చోట కొవ్వొత్తే దిక్కు. పిక్నిక్‌కు వచ్చిన పిల్లల గుంపులోంచి టామ్, అతని బడి స్నేహితురాలు బెక్కీ విడిపోయి దారి తప్పుతారు. ఒక గబ్బిలం రెక్క కొట్టి బెక్కీ చేతిలో కొవ్వొత్తి ఆర్పేస్తుంది.

అక్కడి నుంచి కొవ్వొత్తి లెక్క మొదలవుతుంది. కాసేపటికి టామ్ బెక్కీ కొవ్వొత్తి తీసుకుని ఊదేస్తాడు. ఏమీ చెప్పడు. ఇద్దరూ ఒకే వెలుగుతో సరిపెట్టుకోవాలని చెప్పకుండానే ఆమెకు అర్థమవుతుంది, గుండె జారిపోతుంది. జేబులోని కేకుముక్క పంచితే ఆమె ఆకలిగా తింటుంది, అతను కొరికీ కొరకనట్టు తింటాడు. చివరి కొవ్వొత్తి ముక్కను ఒక ఊటనీటి పక్కన పెట్టి అది కరిగిపోవడం ఇద్దరూ చూస్తూ కూర్చుంటారు. సమాధుల దొడ్డిలో పంచుకున్నది రహస్యం, గుహలో పంచుకున్నది వెలుగు. మొదటిది మూసిపెట్టేకొద్దీ బరువెక్కింది. రెండోది వాడేకొద్దీ తరిగిపోయింది. కాని దానితో వాళ్లు ఒక పని చేశారు. కొవ్వొత్తి పొగతో గోడ మీద తమ పేర్లు రాశారు. వెతకడానికి వచ్చినవాళ్లకు మొదట దొరికిన ఆనవాళ్లలో ఆ పేర్లు ఉన్నాయి. నెత్తుటి రాత పాతిపెట్టడానికి, పొగ రాత ఎవరికైనా కనిపించడానికి. ఒకే నవలలో పిల్లలు రాసిన ఈ రెండు రాతలను పక్కపక్కన పెట్టి చదవండి.

కటిక చీకట్లో టామ్ గాలిపటం దారం రాతికి కట్టి సందులు వెతుకుతూ పోతాడు. ఒక మలుపులో కొవ్వొత్తి పట్టుకున్న చెయ్యి కనిపిస్తుంది. సంతోషంతో కేక వేస్తాడు. ఆ చేతి వెనక వచ్చినది జో. టామ్ కదల్లేకపోతాడు. మరుక్షణం జో వెనక్కి తిరిగి పారిపోతాడు. కేక ఎవరిదో అతనికి తెలియలేదు. పిల్లవాడు హంతకుణ్ని చూసి ఎంత వణికాడో, హంతకుడూ ఆ కేకకు అంతగా బెదిరాడు. ఇన్ని అధ్యాయాలుగా పిల్లల్ని తరుముతున్న భయానికి కూడా భయం ఉందని, దాని చేతిలోనూ ఒక కొవ్వొత్తే ఉందని ఆ ఒక్క క్షణంలో తెలుస్తుంది. టామ్ తిరిగి వచ్చి బెక్కీకి ఈ సంగతి చెప్పడు. పాత ఒట్టులో మౌనం తనను కాపాడుకోవడానికి. ఇక్కడి మౌనం ఆమెను కాపాడటానికి. చివరికి అదే దారం పట్టుకుని వెళ్లి, దూరంగా చుక్కంత పగటి వెలుగు చూసి, బెక్కీని బయటకు తెస్తాడు.

తలుపులు

రెండు వారాల తర్వాత బెక్కీ తండ్రి జడ్జి థాచర్ టామ్‌తో సంతోషంగా ఒక మాట చెబుతాడు. ఇక ఎవరూ గుహలో తప్పిపోరు, ద్వారానికి బాయిలర్ రేకు తొడిగించి మూడు తాళాలు వేయించాను అంటాడు. టామ్ మొహం పాలిపోతుంది. జో లోపలే ఉన్నాడు.

తలుపు తీసేసరికి జో ద్వారం దగ్గరే చనిపోయి ఉంటాడు, మొహం తలుపు సందుకు ఆనించి. గడప దూలాన్ని కత్తితో చెక్కీ చెక్కీ కత్తి విరిగింది. యాత్రికులు రాతి సందుల్లో వదిలేసిన కొవ్వొత్తి ముక్కలను వెతికి తిన్నాడు. గబ్బిలాలు పట్టుకుని తిన్నాడు. పైనుంచి బొట్టు బొట్టుగా పడే నీటిని, రోజంతా కలిపి ఒక చెంచాడు, రాతి గుంటలో పట్టుకున్నాడు. పిల్లలకు దారి చూపిన కొవ్వొత్తి ఇతనికి అన్నమైంది. తను కూడా అదే చీకటిలో ఆకలితో ఉన్నాడు కాబట్టి ఆ మనిషి ఎంత బాధపడ్డాడో టామ్‌కు తెలుసు. పీడ వదిలిందన్న ఊరటతో పాటు జాలీ కలుగుతుంది. ఈ నవలలో టామ్ నిజంగా ఎదిగిన క్షణం నా దృష్టిలో అదే. దొరికిన పన్నెండు వేల డాలర్ల నిధి దాని తర్వాతే.

జో ఆకలి చావుకు ఒక మొదలు ఉంది. సమాధుల దొడ్డిలో డాక్టర్ని పొడిచే ముందు జో అతనికి ఒక సంగతి గుర్తుచేస్తాడు. ఐదేళ్ల కిందట ఒక రాత్రి డాక్టరు తండ్రి వంటింటికి వెళ్లి తినడానికి ఏదైనా పెట్టమని అడిగితే తరిమేశారు. దేశదిమ్మరి అని జైల్లో పెట్టించారు. ఊళ్లో ఉండే వితంతువు శ్రీమతి డగ్లస్ మీద అతని పగకూ కారణం అలాంటిదే. న్యాయాధికారిగా ఉన్న ఆమె భర్త జోను జైల్లో పెట్టి, ఊరి జనం ముందు గుర్రపు కొరడాతో కొట్టించాడు. ఇవేవీ హత్యను సమర్థించవు. అయినా ఆకలితో ఒక తలుపు దగ్గర మొదలైన మనిషి కథ ఆకలితోనే ఇంకో తలుపు దగ్గర ముగియడం కాకతాళీయం కాదు. పిల్లలు జోను చూసి భయపడుతున్నారు. ఆ జోను తయారుచేయడంలో ఊరి చెయ్యి ఉంది.

ఇక్కడ నిర్మొహమాటంగా చెప్పవలసిన మాట ఒకటుంది. జో అమెరికా ఆదివాసి రక్తం కలిసినవాడు. అతని క్రూరత్వాన్ని ఆ రక్తానికి అంటగట్టే మాటలు నవలలో అతని నోటా వస్తాయి, ఊరి పెద్దమనిషి నోటా వస్తాయి. ఆ కాలపు తెల్లజాతి దురభిప్రాయం రచయితలోనూ ఉంది. బానిసత్వం చట్టబద్ధంగా నడిచిన ఊరు అది. పిల్లలకు చదివి వినిపించేటప్పుడు ఆ వాక్యాల దగ్గర ఆగి, ఇది తప్పని చెప్పాలి. వాక్యాలు జోను పుట్టుకతో రాక్షసుడంటున్నా, కథలోని తలుపులు వేరే సాక్ష్యం చెబుతున్నాయని కూడా చూపించాలి.

ఇంకొక తలుపు మిగిలింది. గుహలో చిక్కుకోకముందు ఒక రాత్రి జో, అతని తోడు డగ్లసమ్మ ఇంటి వైపు వెళ్తుంటే హక్ చీకట్లో వాళ్లను వెంబడిస్తాడు. ఆమెకు ఏం చేయబోతున్నారో వింటాడు. పారిపోవాలనిపిస్తుంది. ఆమె తనను ఒకటికి రెండుసార్లు ఆదరించిన సంగతి గుర్తొస్తుంది. పరుగున వెళ్లి, వేల్స్ నుంచి వచ్చి స్థిరపడ్డ ముసలాయన జోన్స్ తలుపు కొడతాడు. తన పేరు ఎవరికీ చెప్పొద్దని వేడుకుంటూ విషయం చెబుతాడు. అలా డగ్లసమ్మ బతుకుతుంది. ఒట్టు తప్పాడని టామ్ మీద నొచ్చుకున్న హక్ తనకు తెలియకుండానే టామ్ చేసిన పనే చేశాడు. టామ్‌కు చప్పట్లు దొరికాయి, హక్ చప్పట్లు కూడా కోరలేదు.

తెల్లారకముందే మళ్లీ వెళ్లి మెల్లగా తలుపు తడతాడు హక్. ఎవరని అడిగితే భయం భయంగా పేరు చెబుతాడు. ఆ పేరుకు మా తలుపు రాత్రయినా పగలైనా తెరుచుకుంటుందని లోపలి నుంచి జవాబు వస్తుంది. పీపాల్లో పడుకునే ఆ పిల్లవాడు పుట్టి బుద్ధెరిగాక అలాంటి మాట వినలేదు. అంతకంటే తీయని మాటా వినలేదు.

జోకు మూసుకున్న తలుపు, హక్‌కు తెరుచుకున్న తలుపు ఒకే ఊళ్లోవి. ఇద్దరూ ఇల్లూ వాకిలీ లేనివాళ్లే, ఇద్దరూ ఊరు చీదరించుకున్నవాళ్లే. ఆ పిల్లవాడు పెద్దయ్యాక ఇంకో జో కాకుండా ఉండే అవకాశం ఆ తెల్లవారుజామున మొదలైందని నా నమ్మకం. ఊరి భద్రత కోసం వేసిన ఇనుప తలుపు ఒక మనిషి ప్రాణం తీసింది. ఒక ముసలాయన తీసిన మామూలు తలుపు ఊరిని కాపాడింది.

మిత్రులారా, పిల్లలకు భయపెట్టే కథలు చదివించొచ్చా అని తల్లిదండ్రులు తరచూ అడుగుతారు. చదివించాలి. పిల్లలకు భయం మన కథల వల్ల రాదు, అప్పటికే వాళ్ల దగ్గర ఉంటుంది. కథ దాన్ని పట్టుకోవడానికి ఒక పిడి ఇస్తుంది. కాని చదివించి ఊరుకుంటే సరిపోదు. ‘టామ్ సాయర్’లో పిల్లలు తమ భయంతో రెండుసార్లు ఒక పెద్దమనిషి దగ్గరకు వెళ్లారు, ఒకసారి వకీలు దగ్గరకు, ఒకసారి జోన్స్ దగ్గరకు. ఆ ఇద్దరూ వాళ్లను తిట్టలేదు, మాట నమ్మారు, వెంటనే కదిలారు. వాళ్లలో ఒక్కరు ‘పోరా, అర్ధరాత్రి అక్కడ నీకేం పని?’ అని కసిరి ఉంటే ఒక నిరపరాధి ఉరి ఎక్కేవాడు, ఒక మంచి మనిషి బలయ్యేది.

కాబట్టి ఉపాధ్యాయులకు, గ్రంథాలయాలు నడిపేవారికి నా విన్నపం ఇది. ఈ నవలను సున్నం వేసే ఘట్టంతో ఆపకండి. జైలు కిటికీ, గుహ, జోన్స్ తలుపు దాకా తీసుకెళ్లండి. ప్రతీకలకు అర్థాలు బల్ల మీద రాసి కంఠస్థం చేయించకండి. కొవ్వొత్తి ఎవరెవరి చేతుల్లోకి వెళ్లిందో పిల్లల్నే వెతకమనండి. ఆ తర్వాత, చెప్పకూడదనుకున్న మాట చెప్పడానికి ఒక పిల్లవాడు మీ దగ్గర నిలబడితే ఎందుకు, ఏమిటి అని నిలదీయడం పక్కనపెట్టి ముందు వాణ్ని కూర్చోబెట్టి వినండి. మాస్టారి స్మృతికి మనం చేయగల సేవ అంతకంటే వేరే లేదు.